పాటలకూ ఒక గాదె

గోదావరి జిల్లాల్లో పాతకాలపు మండువా లోగిళ్ళు ఎరిగినవారికి గాదె సంగతి చెప్పనక్కరలేదు. మాసూళ్ళయి ధాన్యం గాదెకు చేరిందంటే ఇల్లాలికి ఏడాదిపాటు దిగులుండేది కాదు. బజారునుంచి బియ్యం కొని తెచ్చుకోవడమంటే కాస్త నామోషీగా కూడా వుండేది. ఇప్పుడు గాదెలూ పోయాయి, నామోషీ పోయింది. నెలనెలా డబ్బిచ్చి బస్తా దింపించుకొంటున్నాం. బియ్యానికి పట్టిన అలవాటే సినిమాలకూ పాటలకూ పట్టింది. చందా కట్టినన్నాళ్ళు చూస్తాం, మానేస్తే తలుపు మూస్తారు. పోనీ కడుతూనే వున్నా, నిన్న వున్న సినిమా ఇవాళ వుండదు. ఒప్పందం గడువు తీరిందట!

ఇందుకు నేనెవరినీ తప్పుపట్టను. వాళ్ళది వ్యాపారం. కాని ఏ కొట్లోనూ దొరకని సరుకు ప్రతి ఇంట్లోనూ కాస్తో కూస్తో వుంటుంది. మీ నాయనమ్మగారు పాడిన మంగళహారతి, మీ మామగారు నాటకంలో చదివిన పద్యం, మీ పిల్లల అక్షరాభ్యాసం నాటి వీడియో—ఇవి ఎంత చందా కట్టినా ఎవరూ పంపరు. వాటికైనా ఇంట్లో ఒక గాదె వుండాలని నా మతం. "మావాడు ఇంట్లో మీడియా సర్వరు పెడదామంటున్నాడు, అదేమిటో మాకు అంతు పట్టడం లేదు, పెట్టమంటారా వద్దంటారా?" అని ఈ మధ్య నలుగురైదుగురు సోదరీమణులు రాశారు. ఈ వారం ఆ సంగతే చెప్పుకొందాం.

సర్వరు అనగానే బెదిరిపోకండి. వస్తువు చూస్తే రెండు పచ్చడి జాడీలు పక్కపక్కన పెట్టినంత వుంటుంది. లోపల రెండు హార్డ్ డిస్కులు, వాటిని కనిపెట్టుకొని వుండే చిన్న కంప్యూటరు. దానికి తెర లేదు, టైపు మీటలు లేవు. ఒక తీగ కరెంటుకు, ఇంకొక తీగ రౌటరుకు తగిలిస్తే చాలు. అంగట్లో దీన్ని నెట్‌వర్క్ స్టోరేజి అంటారు. అందులో పాటలు, సినిమాలు, ఫొటోలు దాచి, అడిగినవారికి అడిగింది వడ్డించే ప్రోగ్రాము ఒకటి ఎక్కిస్తే అది మీడియా సర్వరవుతుంది. హాల్లో టి.వి. సినిమా అడగవచ్చును, అదే సమయంలో వంటింట్లో ఫోను పాట అడగవచ్చును. మొత్తం దిగేదాకా కాచుకోకుండా వచ్చింది వచ్చినట్టే చూపించడాన్ని స్ట్రీమింగ్ అంటున్నారు. ధవళేశ్వరం దగ్గర కట్టిన నీరు కాలవల్లోకి, కాలవల్లోంచి బోదెల్లోకి, బోదెల్లోంచి మడుల్లోకి పారడం ఎరిగిన మనకు ఇది బోధపడడం కష్టం కాదు. గోదావరి మొత్తం మన మడిలోకి వచ్చిన తరవాత గదా నాట్లు వేస్తాం అని ఎవరూ కూర్చోరు!

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటున్నది. ఇంట్లో డబ్బాలోంచి ఇంట్లో టి.వి.కి సినిమా వెళ్ళడానికి ఇంటర్నెట్టుతో పని లేదు. డేటా ఖర్చు కాదు. తుపాను వచ్చి వీధిలో తీగలు తెగి నాలుగు రోజులు నెట్టు లేకపోయినా, కరెంటున్నంతసేపూ అత్తయ్యలూ పిల్లలూ నిశ్చింతగా చూసుకోవచ్చును. రౌటరు మాత్రం వెలుగుతూ వుండాలి.

మా ఇంట్లో ఇది రావడానికి కారణం సినిమాలు కావు. రెండేళ్ళ క్రితం కోనసీమలో మా అత్తవారి పాత ఇంటికి మరమ్మతు చేయిస్తుంటే అటకమీదనుంచి ఒక ట్రంకుపెట్టె దిగింది. అందులో నలభై ఒక్క క్యాసెట్లు, ఆరు పెద్ద వీడియో టేపులు, తొమ్మిది చిన్న కెమేరా టేపులు. మా అత్తగారు 1991లో పోయారు. ఆవిడ గొంతు మా పిల్లలు వినలేదు. పేరంటానికి ఆవిడ వచ్చారంటే పాటకు లోటు లేదనేవారు. అప్పగింతలు, అలక పాటలు, బంతులాటలు, గంటసేపు సాగే రామాయణపు పాటలు—ఒక్కదానికీ పుస్తకం చూసేవారు కారు.

ఆ పెట్టె 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన పెట్టె. ఆ రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు ఎట్లా నేలకు వాలాయో అక్కడివారిని అడగండి, ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు చెబుతారు. మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి. పెట్టెలోకి నీరు దిగిందో, తేమ దిగిందో, తెరిచి చూస్తే కొన్ని టేపుల అంచున తెల్లగా బూజు. మన డెల్టా తేమకు అప్పడాలే మెత్తబడతాయి, టేపు మాట చెప్పేదేమున్నది? అయస్కాంతపు పొడి పూసిన సన్నని ప్లాస్టిక్ నాడా గదా అది. బూజు పట్టినదాన్ని అట్లాగే మిషనులో వేసి తిప్పితే బూజు తలకు అంటుకొని తరవాతి టేపును కూడా పాడు చేస్తుంది.

రాజమండ్రిలో పాత టేప్ రికార్డర్లు బాగుచేసే ఒక పెద్దాయనను పట్టుకొన్నాం. "ఆయ్, కంగారు పడకండమ్మా, ముందు ఆరనివ్వండి" అని, నాలుగైదు టేపులు పాత డొక్కుల్లోంచి తీసి కొత్త డొక్కుల్లోకి ఎక్కించి, తుడిచి ఇచ్చారు. నలభై ఒకటిలో ముప్ఫై ఎనిమిది పలికాయి. ఆ మూడూ పోయినట్టే.

ఇది మన ఒక్క ఇంటి కథ కాదు. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఈనాడు చూద్దామంటే దాని ప్రతి దొరకదు. ఆంధ్రదేశంలో మొదటి స్టూడియో మన రాజమండ్రిలోనే, 1936లో నిడమర్తి సూరయ్యగారు పెట్టిన దుర్గా సినీటోను. ఈ వూళ్ళో సినిమా పుట్టి ఎన్నేళ్ళయిందో చెప్పగలం గాని ఆనాటి రీళ్ళు చూపించగలమా? దేశం మొత్తానికి ఫిలిములు భద్రపరిచే సంస్థ పూనాలో ఏర్పడింది 1964లో. అప్పటికే ఎన్నో అగ్నికీ తేమకూ ఆహుతయ్యాయి. డబ్బు పెట్టి తీసినవాటి గతే అది. ఇక పేరంటంలో పాడిన పాటను ఎవరు కాపాడతారు, మనం కాపాడుకోకపోతే?

సరే, టేపులు కంప్యూటరులోకి ఎక్కించాలి. క్యాసెట్టుకు మంచి ప్లేయరు ఒకటి, దాని వెనక తీగ కంప్యూటరుకు కలిపే చిన్న డబ్బా ఒకటి చాలు. గంట క్యాసెట్టు ఎక్కడానికి గంటే పడుతుంది, తొందర పెట్టడానికి వీల్లేదు. వంట చేసుకొంటూ రోజుకు రెండు చొప్పున పూర్తి చేశాను. ఏమీ కుదించకుండా ఎక్కిస్తే గంటకు సుమారు 635 ఎం.బి. పడుతుంది. నాణ్యం పోకుండా మడత పెట్టే ఫ్లాక్ అనే పద్ధతిలో దాస్తే ఇంచుమించు సగానికి వస్తుంది. చిన్న కెమేరా టేపులు మాత్రం గంటకు 13 జి.బి. తింటాయి. పైగా వాటిని లాగడానికి ఫైర్‌వైర్ అనే పాత రకం తీగ కావాలి, కొత్త కంప్యూటర్లకు ఆ కన్నమే వుండదు. మా ఆడపడుచు కొడుకు ఎక్కడినుంచో ఒక పాత లాప్‌టాప్ తెచ్చాడు కాబట్టి గడిచింది. మీ ఇంట్లో అట్లాంటి టేపులు, ఆ కెమేరా వుంటే, కెమేరాను పాతసామాన్లవాడికి వేయకండి. టేపు వుండి కెమేరా లేకపోతే తాళంచెవి లేని బోషాణమే. మొత్తం ట్రంకుపెట్టె కలిపి సుమారు 210 జి.బి. అయింది. మేము కొన్నది 4 టి.బి. డిస్కు. నూటికి ఆరు వంతులు కూడా నిండలేదు. ఇంటి సరుకు దాచడానికి స్థలం సమస్య కాదు సుమండీ.

అసలు కష్టం ఆ తరవాత మొదలయింది. పాట వుంది, పాడిందెవరు? క్యాసెట్టు మీద మామగారి చేతివ్రాతతో 'పాటలు' అని మాత్రం వున్నది. ముప్ఫై ఎనిమిదింటిలో ఇరవైకి అదే పేరు! ఒకదాంట్లో మా అత్తగారు పాడుతూ పాడుతూ వుండగా టక్కున ఆగి, రేడియో వార్తలు వస్తాయి. ఇందిరాగాంధీ మరణవార్త. మామగారు ఆ రోజు మిషనులో ఏ క్యాసెట్టు వుంటే దాని మీదే మీట నొక్కివుంటారు. ఆ పాట మిగతా చరణాలు అట్లా వార్తల కిందికి పోయాయి. కాని దానివల్ల ఒకటి తెలిసింది. ఆ పాట 1984 అక్టోబరు 31కి ముందు పాడినది.

మిగతావి చెప్పగలిగినవారు ఒక్కరే వున్నారు. మా అత్తగారి చెల్లెలు, చిన్నత్తగారు. ఆవిడకు ఎనభై ఎనిమిదేళ్ళు. ఆవిణ్ణి నెలరోజులు మా ఇంటికి తీసుకొచ్చి రోజూ మధ్యాహ్నం కాఫీ తరవాత ఒక్కొక్కటి వినిపించాను. "ఇది అక్కయ్య కాదమ్మాయ్, మా మేనత్తగారు. అక్కయ్యకు పైస్థాయిలో గొంతు పగలదు" అనేవారు. ఒక చోట వెనక పిల్ల ఏడుపు వినిపించగానే చెయ్యెత్తి ఆపించి, "అది మీ ఆడపడుచే. దానికి ఆ రోజు చెవులు కుట్టారు" అన్నారు. నేను పుస్తకం పెట్టుకొని రాసుకొన్నాను. ఎవరు పాడారు, ఏ వూళ్ళో, ఎవరి పెళ్ళిలో, ఇంచుమించు ఏ సంవత్సరం. ఇవన్నీ ఫైలు పేరులోనే ఇమిడ్చాను. పదేళ్ళ తరవాత ఏ ప్రోగ్రాము వుంటుందో వుండదో గాని, ఫైలుకు పేరు వుంటుంది గదా. మీరు ఏ డిస్కు కొంటారో, ఏ కంపెనీది కొంటారో తరవాత చూసుకోండి. ముందు ఇంట్లో పెద్దవారి దగ్గర కూర్చుని ఈ పని చేయండి. డిస్కు వచ్చే ఏడాదీ దొరుకుతుంది.

పెట్టె విషయానికి వద్దాం. ఖరీదు ఎంతంటే, పెట్టె, రెండు డిస్కులు కలిపి ఒక మోస్తరు ఫ్రిజ్ ఖరీదవుతుంది. అంత ఎందుకు అనుకొంటే, మూలపడిన లాప్‌టాప్‌కు బయటి డిస్కు ఒకటి తగిలించి కూడా మొదలుపెట్టవచ్చును. పని ఒకటే. కరెంటు కూడా భయపడేంత కాదు. ఇట్లాంటి చిన్న పెట్టె 20 వాట్లు తీసుకొంటుందనుకొంటే, రాత్రింబగళ్ళు నడిచినా నెలకు పద్నాలుగున్నర యూనిట్లకు మించదు.

డిస్కులు కొనేటప్పుడు మాత్రం ఒక మాట అడగండి. ఎల్లప్పుడూ నడవడానికి తయారు చేసినవేనా అని. ఇంకొకటి, కొన్ని డిస్కుల్లో రాతగీతలు పెంకుటింటి కప్పులాగా ఒకదాని అంచుమీద ఒకటి ఎక్కేలా పేరుస్తారు. స్థలం కలిసివస్తుంది. కాని మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవరస పెంకులన్నీ కదపాలి గదా, వీటిలోనూ అంతే. పాతది తుడిచి కొత్తది రాసేటప్పుడు నత్తనడక నడుస్తాయి. ఒక డిస్కు చెడి, దాని బదులు ఇంకొకటి పెట్టినప్పుడు మరీ అవస్థ. వీటిని ఎస్.ఎం.ఆర్. రకం అంటారు. సి.ఎం.ఆర్. రకం కావాలని గట్టిగా అడగండి. కొట్టువాడికి తెలియకపోతే డబ్బామీద మోడలు నంబరు రాసుకొని ఇంటికొచ్చి చూసి మరీ కొనండి.

రెండు డిస్కులు ఎందుకంటారా? ఒకదానిమీద రాసింది రెండోదానిమీద కూడా అప్పటికప్పుడే రాసుకొంటుంది. ఒకటి చెడితే రెండోది ఆదుకొంటుంది. దీన్ని రెయిడ్ అంటారు. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పండితులు రాసిన వ్యాసంతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. మంచి ఏర్పాటే. కాని దీన్ని చూసి గుండెమీద చెయ్యి వేసుకొని నిద్రపోయేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. మనవడు ఆడుకొంటూ ఫొటోలు చెరిపేశాడనుకోండి, రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతాయి. పిడుగు పడితే రెండూ ఒకేసారి మాడతాయి. వరదొస్తే రెండూ ఒకే నీళ్ళలో మునుగుతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద చూసినవాళ్ళం మనం. ఆనాడు లంకల్లో వాళ్ళు, సామాను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చి దాచుకొన్నారా? గట్టు దాటి వచ్చారు.

అందుకని పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటున్నది. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి వేరే చోట. మా ఇంట్లో పెట్టె ఒకటి, బీరువాలో విడిగా ఒక డిస్కు, హైదరాబాదులో మా మరిదిగారింట్లో ఇంకొకటి. సంక్రాంతికి వాళ్ళు వచ్చినప్పుడు ఆ డిస్కు తెస్తారు. కొత్తది నింపినది తీసుకొని వెళతారు. అరిసెల డబ్బాతోపాటు అదీ ప్రయాణం చేస్తుంది. మా వీధిలోనే ఒకరు రెయిడ్ వున్నదని ధీమాగా వుండి, పెట్టె తిన్నగా ఇన్వర్టరు పక్కనే గోడకు ఆనించి పెట్టారు. ఉరుములు మెరుపులు వచ్చిన ఒక సాయంకాలం పెట్టే, రెండు డిస్కులూ ఒకేసారి పోయాయి. మనవరాలి అన్నప్రాశన ఫొటోలు వియ్యాలవారి ఫోనులో వున్నవే మిగిలాయి.

పెట్టె ఎక్కడ పెట్టాలనే ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే వున్నది. నేలమీద వద్దు. వంటింటి ఆవిరి తగిలేచోట వద్దు. మూసిన అలమరలో పెడితే ఉక్కపోసి వేడెక్కుతుంది. చీమలూ బల్లులూ దూరకుండా అప్పుడప్పుడు చూసుకోవాలి, మన ఇళ్ళలో ఇది నవ్వులాట కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పెట్టె ఉలిక్కిపడి ఆరి వెలిగితే డిస్కులకు చేటు. మామూలు ఇన్వర్టరు అందుకొనే ఆ రెప్పపాటు కూడా దానికి చాలు. కంప్యూటర్లకు వాడే చిన్న యు.పి.ఎస్. ఒకటి, పెట్టెకూ రౌటరుకూ కలిపి పెట్టండి. ఒక తీగతో యు.పి.ఎస్.ను పెట్టెకు కలిపితే, బ్యాటరీ అయిపోతున్నదని తెలిసి పెట్టె తనంతట తాను కళ్ళు మూసుకొంటుంది.

వడ్డించే ప్రోగ్రాముల్లో ప్లెక్స్, జెల్లీఫిన్ అనేవి రెండు ఎక్కువ వాడుకలో వున్నాయి. జెల్లీఫిన్ 2018 చివర్లో ఎంబీ అనే మరొకదాంట్లోంచి చీలివచ్చినది. డబ్బు అడగదు, ఎక్కడా ఖాతా తెరవమనదు. మేము దాన్నే పెట్టాము. సినిమా ఫైలు పెట్టగానే బొమ్మా, నటీనటుల పేర్లూ అదే వెతికి తెస్తుంది. కాని పేరుతోపాటు సంవత్సరం రాయకపోతే తికమక పడుతుంది. ఉత్త 'మాయాబజార్' అంటే దానికేం తెలుసు? 1936లో ఒకటి, 1957లో ఒకటి, 2006లో ఒకటి వచ్చాయి. మా ఇంట్లో ఘటోత్కచుడి సినిమాకు ఎవరో పాంటుషర్టులవారి బొమ్మ తగిలించింది. మా వారు దాన్ని చూసి మూడు రోజులు నవ్వారు.

సినిమా అంటే చట్టం మాట కూడా వస్తుంది. మన దేశంలో సినిమాకు గాని రికార్డుకు గాని హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరం నుంచి అరవై ఏళ్ళుంటుంది. దొంగప్రతులు దించి గాదె నింపేవారికి ఈ శీర్షికలో సలహాలు లేవు. కొనుక్కొన్న డిస్కులు, మన సొంత రికార్డులు, ఇవి చాలు.

ఒక్కొక్కసారి బొమ్మ ఆగి ఆగి వస్తుంది. అప్పుడు అందరూ వైఫైని తిడతారు. సగంసార్లు తప్పు దానిది కాదు. టి.వి.కి కొన్ని రకాల ఫైళ్ళే అరుగుతాయి. అరగని రకం అడిగితే సర్వరు అప్పటికప్పుడు మార్చి ఇవ్వాలి. ధాన్యం వున్న గాదె ముందు అతిథి విస్తరి వేసుకు కూర్చుంటే, అప్పుడు దంచడం మొదలుపెట్టినట్టన్నమాట. పెట్టెలోని చిన్న కంప్యూటరుకు అంత సత్తువ వుండదు. ముందుగానే హెచ్.264 అనే రకంలోకి మార్చి పెట్టుకొంటే ఇంచుమించు అన్ని టి.వి.లూ ఫోనులూ తీసుకొంటాయి. మన ఇంటి వీడియోలకు ఇది ఒక్కసారి చేస్తే చాలు. అసలు ప్రతిని మాత్రం పారేయకండి. ఇక పెట్టెకూ రౌటరుకూ మధ్య తీగే వుండాలి. మామూలు సినిమాకు సెకనుకు 8, 10 మెగాబిట్లు పోతే ఎక్కువ. ఆ తీగ వెయ్యి మోస్తుంది.

పరదేశంలో వున్న పిల్లలకు ఎట్లా అని అడుగుతారు. మా పెద్దమ్మాయి డల్లాసులో వున్నది. ఇంట్లో వేగం వేరు, ఇంటినుంచి బయటికి పోయే వేగం వేరు. అమ్మాయి చూడాలంటే మన ఇంటినుంచి పైకి వెళ్ళే వేగమే లెక్క. అది సన్నగా వుంటే డల్లాసు శివారు ఆయకట్టు పొలమే, నీళ్ళు అందవు. ఈ విషయంలో మన పల్లెలు వెనకబడి లేవు. రాష్ట్ర ప్రభుత్వపు ఫైబర్‌నెట్ మొదట 2016 డిసెంబరులో మన కోనసీమలోని మోరి గ్రామంలోనే ఇంటింటికీ తీగ లాగి మొదలుపెట్టారు. చిక్కల్లా, చాలా కంపెనీలు ఎన్నో ఇళ్ళకు కలిపి ఒకే చిరునామా ఇస్తాయి. బయటివారు మన గుమ్మం నేరుగా కనుక్కోలేరు. దానికి విరుగుడుగా రౌటరులో తలుపు తెరిచిపెట్టమని కొందరు సలహా చెబుతారు. దయచేసి వినకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దొంగ ప్రోగ్రాము, అట్లా ఇంటర్నెట్టుకు తెరిచిపెట్టిన ఇంటి పెట్టెల్లో దూరి ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగింది. అందుకు బదులు వైర్‌గార్డ్ లాంటి సొరంగ పద్ధతి వున్నది. దాని ఆధారంగా నడిచే టెయిల్‌స్కేల్ అయితే పెట్టడం సుళువు. మన ఇంటివాళ్ళ ఫోనులకు మాత్రమే తెలిసిన దొడ్డిదారి లాంటిది. మా మేనల్లుడు అరగంటలో పెట్టాడు. "అత్తయ్యా, ఈ పాస్‌వర్డు మాత్రం కాలెండరు మీద రాసి తగిలించకు" అని నాకే చెప్పి వెళ్ళాడు!

ఉగాదినాడు అమ్మాయి ఫోను చేసింది. మా మనవరాలికి నాలుగేళ్ళు. ముత్తవ్వగారి లాలిపాట పెడితేగాని పడుకోవడం లేదట. ఆ పాట మధ్యలో ఎక్కడో గిలకబావి చప్పుడు వినిపిస్తుంది. "అదేం జంతువు?" అని అడుగుతున్నదట. గిలక ఫొటో ఒకటి తీసి సర్వరులో ఆ పాట పక్కనే పెట్టాను.

ఇంకా మూడు గొంతులు తేలలేదు. ఒకదాన్ని చిన్నత్తగారు రెండుసార్లు విని, "తెలిసినట్టే వుందమ్మాయ్, పేరు నోటిదాకా వచ్చి ఆగుతున్నది" అన్నారు. ఆ మూడూ విడిగా ఒక అరలో పెట్టి, 'ఎవరో' అని పేరు రాసి వుంచాను. ఆవిడ వచ్చే నెల మళ్ళీ వస్తానన్నారు.